ఫిల్మా, టేపా: పాత కామెడీ డిస్కు కొనేముందు తేల్చుకోవాల్సిన సంగతి

పాత కామెడీ సీరియళ్ల, సినిమాల డిస్కుల అట్ట మీద 'రీమాస్టర్డ్', 'హెచ్‌డీ', 'రిస్టోర్డ్' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. లోపలి బొమ్మ ఎలా ఉంటుందో ఆ మాటలను బట్టి తెలియదు. అది తెలియాలంటే రెండు సంగతులు కనుక్కోవాలి. ఆ కార్యక్రమాన్ని మొదట దేనిమీద చిత్రీకరించారు? ఆ అసలు నెగటివ్ గానీ టేపు గానీ ఇప్పటికీ మిగిలి ఉందా? ఈ రెండింటికీ జవాబు దొరికితే ఏ డిస్కుకు డబ్బు పెట్టాలో, దేనికి అక్కర్లేదో కొనకముందే చాలావరకు తేలిపోతుంది.

అమెరికాలో 1951లో మొదలైన 'ఐ లవ్ లూసీ'ని తీసుకుందాం. ఆ రోజుల్లో టెలివిజన్ కామెడీలు ఎక్కువగా న్యూయార్క్ నుంచి ప్రత్యక్ష ప్రసారంగా వెళ్లేవి. దేశంలో మిగతా ప్రాంతాలకు తెరను ఫిల్మ్ మీద ఫొటో తీసిన మసక కాపీలు అందేవి. లూసిల్ బాల్, డెసి ఆర్నాజ్ దంపతులు లాస్ ఏంజెలెస్ వదిలి రావడానికి ఇష్టపడలేదు. అందుకని ప్రేక్షకుల ఎదుటే మూడు కెమెరాలతో 35 ఎంఎం ఫిల్మ్ మీద ఆ ధారావాహికను తీశారు. ఛాయాగ్రాహకుడు కార్ల్ ఫ్రాయిండ్, జర్మనీలో 'మెట్రోపాలిస్'కు పనిచేసిన నిపుణుడు. ఆ నిర్ణయం వల్లే 2014లో మొదటి సీజన్ బ్లూరేగా వచ్చినప్పుడు సోఫా మీది బట్ట నేత కూడా కనిపించింది.

దాని తర్వాత 24 ఏళ్లకు, 1975లో, బ్రిటన్‌లో బీబీసీ తీసిన 'ఫాల్టీ టవర్స్' సంగతి వేరు. స్టూడియో దృశ్యాలు వీడియో టేపు మీద రికార్డయ్యాయి. అప్పటి బ్రిటన్ టెలివిజన్ బొమ్మ 625 అడ్డగీతలతో ఏర్పడేది. అందులో తెర మీద కనిపించేవి 576. టేపు మీదకు ఎక్కింది అంతే. ఇవాళ ఏ యంత్రంలో వేసినా, 4కే దాకా ఎంత సాగదీసినా అంతకు మించి రాదు. 1975 నాటి 'ఫాల్టీ టవర్స్' కంటే 1951 నాటి 'లూసీ'యే పదునుగా కనబడటానికి కారణం ఇదే. టేపు మీద తీసిన కామెడీకి మంచి డీవీడీ ఉంటే చాలు. బ్లూరే కొనాలంటే దానికి వేరే కారణం కావాలి. మూల టేపు నుంచి కొత్తగా పట్టారా, వీడియో డేటా కుదింపు (కంప్రెషన్) తగ్గించారా, డీవీడీలో లేని అదనపు సామగ్రి ఉందా అన్నది చూసుకోవాలి.

బ్రిటిష్ కామెడీల్లో ఇంకో చిక్కు ఉంది. 1970, 80 దశకాల్లో అక్కడి పద్ధతి ప్రకారం గది లోపలి దృశ్యాలు టేపు మీద, వీధి దృశ్యాలు 16 ఎంఎం ఫిల్మ్ మీద తీసేవారు. పాత్ర తలుపు తీసుకుని బయటికి అడుగు పెట్టగానే బొమ్మ గరుకుగా మారుతుంది, కదలిక తీరు కూడా మారుతుంది. చాలామంది దీన్ని డిస్కు లోపం అనుకుని వెనక్కి పంపేస్తారు. అది లోపం కాదు, మొదటి ప్రసారంలోనూ అలాగే కనిపించింది. టేపు సెకనుకు 50 సగం బొమ్మలను, అంటే ఫీల్డులను, పట్టుకుంటుంది. ఫిల్మ్ 25 పూర్తి బొమ్మలను పట్టుకుంటుంది. తేడా అంతా అందులోనే ఉంది. మొత్తం ఫిల్మ్ మీదే తీసి ఉంటే ఏమయ్యేదో తెలుసుకోవడానికి బీబీసీ సైన్స్ ఫిక్షన్ సీరియల్ 'డాక్టర్ హూ'లో ఒక ఉదాహరణ ఉంది. 1970 నాటి 'స్పియర్‌హెడ్ ఫ్రమ్ స్పేస్' కథ స్టూడియో సిబ్బంది సమ్మె వల్ల స్టూడియోకు రాలేక పూర్తిగా 16 ఎంఎం మీదే తయారైంది. 2013లో అసలైన హెచ్‌డీ స్కాన్‌తో బ్లూరేగా వచ్చింది. దాని చుట్టూ ఉన్న మిగతా కథలన్నీ టేపువి కాబట్టి వాటికి ఆ అవకాశం లేదు.

కదలికను చంపేసే డిస్కులు

టేపు కామెడీకి గీతల సంఖ్య కంటే ఆ 50 ఫీల్డులే ముఖ్యం. ప్రేక్షకుల నవ్వుల మధ్య స్టూడియోలో నటిస్తున్న మనిషి చేయి విసిరినా, చటుక్కున తల తిప్పినా ఆ చురుకు మనకు అందేది 50 ఫీల్డుల వల్లే. డిస్కు తయారీలో, లేదా స్ట్రీమింగ్‌కు ఎక్కించేటప్పుడు రెండేసి ఫీల్డులను కలిపి 25 ఫ్రేములుగా చేసేస్తే సగం కదలిక పోతుంది. మనిషి అడుగడుక్కీ తడబడినట్టు కనిపిస్తాడు. ఇలాంటి పని జరిగిందో లేదో కంప్యూటర్‌లో ఒక్క నిమిషంలో పట్టుకోవచ్చు. వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌లో డిస్కు వేసి, డీఇంటర్లేస్‌ను (ఫీల్డులను పూర్తి బొమ్మలుగా మార్చే సెట్టింగును) ఆఫ్ చేసి, ఎవరైనా వేగంగా నడిచే చోట బొమ్మ ఆపాలి. మనిషి అంచుల వెంట దువ్వెన పళ్లలాంటి అడ్డగీతలు కనిపిస్తే రెండు ఫీల్డులూ క్షేమంగా ఉన్నట్టే. అప్పుడు డీఇంటర్లేస్ ఆన్ చేసి, మోడ్‌ను 'యాడిఫ్ 2ఎక్స్'కు మార్చి చూస్తే 50 కదలికలూ తిరిగి వస్తాయి. ఉత్త 'యాడిఫ్' పెడితే 25 మాత్రమే వస్తాయి, చాలామంది అక్కడే ఆగిపోతారు. గీతలే లేకుండా, ఒక మనిషి పక్కన నీడలా రెండో మనిషి కనిపిస్తే మాత్రం ఆ డిస్కును ఏ సెట్టింగూ బాగు చేయలేదు. అది ఒక టెలివిజన్ ప్రమాణం నుంచి ఇంకో ప్రమాణానికి మార్చిన మాస్టర్ (డిస్కుకు ఆధారమైన ప్రతి).

బ్రిటిష్ కామెడీల అమెరికా డీవీడీల్లో ఈ నీడలే ఎక్కువ. అమెరికా టెలివిజన్ పద్ధతి ఎన్‌టీఎస్‌సీకి సరిపోవాలంటే 576 గీతలను 480కి కుదించాలి, 50 ఫీల్డులను 60 చేయాలి. గీతల్లో ఆరో వంతు పోతుంది, పైగా పక్కపక్క ఫీల్డులు కలిసిపోయి మసకబారతాయి. అందుకే బ్రిటిష్ టేపు కామెడీకి బ్రిటన్‌లో వేసిన డిస్కే కొనాలి. మన దేశపు ప్లేయర్లకు బ్రిటన్ వాడే పాల్ అనే టెలివిజన్ పద్ధతి కొత్త కాదు, అడ్డం వచ్చేది రీజియన్ కోడ్, అంటే డిస్కు ఏ ప్రాంతపు ప్లేయర్‌లో ఆడాలో నిర్ణయించే గుర్తు. డీవీడీల్లో అమెరికా 1, బ్రిటన్ 2, ఇండియా 5. బ్లూరేల్లో అమెరికా ఏ, బ్రిటన్ బీ, ఇండియా సీ. 4కే డిస్కులకు ఈ బెడద లేదు.

సినిమాల విషయంలో సలహా తలకిందులవుతుంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. పాల్ డీవీడీ మీదకు ఎక్కించడానికి దాన్ని 25గా పరుగెత్తిస్తారు. 4 శాతం వేగం పెరిగి 90 నిమిషాల సినిమా 86 నిమిషాల చిల్లరకు తగ్గుతుంది. సరిదిద్దకపోతే గొంతులు దాదాపు ముప్పాతిక అర్ధస్వరం పైకి పోతాయి. అట్ట మీద నిడివి తక్కువ చూసి సీన్లు కోసేశారని అనుమానపడేవాళ్లు ముందు ఆ నిడివిని 25తో గుణించి 24తో భాగించి చూడాలి. అసలు నిడివి వస్తే ఏమీ కోయలేదన్నమాట. నాటకీయ సినిమాలో ఈ 4 శాతం పెద్దగా తెలియకపోవచ్చు. కామెడీలో తెలుస్తుంది. మాటకూ మాటకూ మధ్య నటుడు పట్టి ఉంచే మౌనంలోనే నవ్వు పుడుతుంది, ఆ మౌనం కురచబడుతుంది. బ్లూరే 24 ఫ్రేములను ఉన్నవి ఉన్నట్టు ఆడిస్తుంది. టేపు సీరియళ్లకంటే పాత సినిమా కామెడీలకే బ్లూరే ఎక్కువ మేలు చేసిందనడానికి ఇదీ ఒక కారణం.

అసలు టేపే లేకపోతే

1960, 70 దశకాల్లో బీబీసీ వాడిన రెండంగుళాల టేపు చాలా ఖరీదు. చెరిపి మళ్లీ వాడుకోవచ్చు. నటుల సంఘాలతో ఒప్పందాల వల్ల పునఃప్రసారాలకు పరిమితి ఉండేది. రంగుల టీవీ వచ్చాక నలుపు తెలుపు కార్యక్రమాలకు గిరాకీ పోయింది. ఫలితంగా వేల గంటల కార్యక్రమాలు చెరిగిపోయాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలపు బ్రిటన్ హోమ్‌గార్డు ముసలి సైనికుల కామెడీ 'డాడ్స్ ఆర్మీ' రెండో సిరీస్‌లో (1969) మూడు ఎపిసోడ్లు నేటికీ లేవు. పోయాయనుకున్న మరో రెండు 2001లో దొరికాయి.

మిగిలినవి చాలావరకు ఫిల్మ్ కాపీల పుణ్యం. విదేశాలకు అమ్మడానికి మానిటర్ ఎదుట 16 ఎంఎం కెమెరా పెట్టి నలుపు తెలుపు కాపీలు తీసేవారు. టేపులు చెరిగాక ఇవే మిగిలాయి. అన్ని కాపీలూ సమానం కావు. కొన్ని పద్ధతుల్లో ఒక ఫీల్డును పూర్తిగా వదిలేసేవారు కాబట్టి నిలువు వివరం సగానికి పడిపోయింది. రెండు ఫీల్డులూ దక్కిన కాపీలు బాగా పదునుగా ఉంటాయి. ఏదైనా కదలిక మాత్రం 50 నుంచి 25కు తగ్గింది. ఆ లోటు తీర్చడానికి వచ్చిందే విడ్‌ఫైర్ అనే ప్రక్రియ. రెండు ఫ్రేముల మధ్య వస్తువు ఎటు కదిలిందో లెక్కగట్టి మధ్య ఫీల్డును కొత్తగా అల్లుతుంది. 'డాక్టర్ హూ' తొలి కథల డీవీడీల్లో దీన్ని వాడారు. ఫిల్మ్ కాపీ మళ్లీ స్టూడియో ప్రసారంలా కదలడం చూసినవాళ్లు పాత రూపానికి తిరిగి వెళ్లలేరు.

ఇంతకంటే ఆశ్చర్యకరమైన పని 'డాడ్స్ ఆర్మీ'లోని 'రూమ్ ఎట్ ది బాటమ్' ఎపిసోడ్‌కు జరిగింది. 1969లో రంగుల్లో తీశారు, రంగుల టేపు పోయింది, నలుపు తెలుపు ఫిల్మ్ కాపీ ఒక్కటే మిగిలింది. పాల్ పద్ధతిలో రంగు సమాచారం 4.43 మెగాహెర్ట్జ్ తరంగం మీద బొమ్మతో కలిసి ప్రయాణిస్తుంది. ఫిల్మ్ కాపీ తీసేటప్పుడు దాన్ని వడపోయకపోతే తెర మీద సన్నని చుక్కల అల్లికగా కనిపిస్తుంది, ఆ చుక్కలతో సహా ఫిల్మ్ మీదకు ఎక్కుతుంది. దశాబ్దాలపాటు అందరూ మచ్చలనుకున్న ఆ చుక్కల్లోనే అసలు రంగులు దాగున్నాయి. ఫిల్మ్‌ను అధిక రిజల్యూషన్‌లో స్కాన్ చేసి, మానిటర్ వంపువల్ల, ఫిల్మ్ కుంచించుకుపోవడంవల్ల వచ్చిన వంకరలను గీతగీతకూ సరిచేసి, చుక్కల అమరికను చదివే సాఫ్ట్‌వేర్ రాసి రంగులు వెనక్కి తెచ్చారు. 2008 డిసెంబరులో ఆ ఎపిసోడ్ మళ్లీ రంగుల్లో ప్రసారమైంది. ఇది ఊహించి రంగులద్దడం కాదు, చిత్రీకరణ రోజున కెమెరా చూసిన రంగులే. చుక్కలు వడపోసిన కాపీలకు మాత్రం ఈ దారి మూసుకుపోయినట్టే.

ఫిల్మ్ ఉన్నా తప్పని మెలికలు

35 ఎంఎం మీద తీసిన అమెరికన్ సీరియళ్లకు వేరే బాధలు. 1980ల నుంచి చాలావాటిని ఫిల్మ్ మీద తీసి, టేపు మీద ఎడిట్ చేశారు. హెచ్‌డీ కావాలంటే నెగటివ్ రీళ్లు వెతికి, స్కాన్ చేసి, ప్రతి కట్‌నూ మళ్లీ వేయాలి. 'ఫ్రెండ్స్'కు ఆ పని చేసి 2012లో బ్లూరే తెచ్చారు. అయితే అందులో ఉన్నవి ప్రసార నిడివి ఎపిసోడ్లు. అంతకుముందు అమెరికా డీవీడీల్లో చేర్చిన అదనపు సన్నివేశాలు బ్లూరేలో లేవు. బ్లూరే కొన్నాం కదా అని పాత డీవీడీలు అమ్మేసినవాళ్లు ఆ సన్నివేశాలను పోగొట్టుకున్నారు.

4:3 ఆకారంలో తీసినదాన్ని 16:9 టీవీ నిండా సాగనివ్వడం కోసం పైనా కిందా కోస్తే ఎత్తులో సరిగ్గా నాలుగో వంతు పోతుంది. 2021లో 'సైన్‌ఫెల్డ్' నెట్‌ఫ్లిక్స్‌కు వచ్చినప్పుడు రోడ్డు గుంత మీదే నడిచే ఎపిసోడ్‌లో ఆ గుంతే తెగిపోయి కనిపించలేదు. పక్కలకు ఫ్రేమును తెరిచినా తంటాయే. 'ఫ్రెండ్స్' వెడల్పు రూపంలో అక్కడక్కడ సెట్ అంచులు, ప్రధాన నటుల స్థానంలో నిలబడ్డ వేరే మనుషులు బయటపడ్డారు. ఛాయాగ్రాహకుడు 4:3కి కూర్చిన బొమ్మను 4:3లోనే చూడాలి. పక్కన నల్లపట్టీలు వచ్చినంత మాత్రాన టీవీ వృథా అయినట్టు కాదు.

పాటలు ఇంకో గండం. రేడియో స్టేషన్ నేపథ్యంగా నడిచే 'డబ్ల్యూకేఆర్‌పీ ఇన్ సిన్సినాటి' (1978–82)లో అప్పటి అసలు రాక్ పాటలు వినిపించేవి. ఆనాటి అనుమతులు ఇంట్లో చూసుకునే వీడియోలకు వర్తించేవి కావు. 2007లో మొదటి సీజన్ డీవీడీ వచ్చినప్పుడు చాలా పాటల స్థానంలో ఊరూ పేరూ లేని సంగీతం పెట్టారు. పాట మీద ఆధారపడిన హాస్యం చచ్చిపోయింది. 2014లో వేరే సంస్థ ఎక్కువ పాటలకు అనుమతులు కొని మొత్తం సెట్ వేసింది. 'ది వండర్ ఇయర్స్' కూడా పాటల చిక్కువల్లే 2014 దాకా పూర్తి డీవీడీ సెట్‌గా రాలేదు. కాబట్టి ఒకే సీరియల్‌కు రెండు ముద్రణలుంటే సంవత్సరం చూసుకోవాలి, చౌకగా దొరికేది చాలాసార్లు పాటలు తీసేసినదే. నిడివి కూడా పట్టిస్తుంది. 1970ల అరగంట అమెరికన్ కామెడీ ప్రకటనలు తీసేస్తే దాదాపు 25 నిమిషాలు ఉంటుంది. డిస్కులో 22 నిమిషాలే ఉంటే అది పునఃప్రసారాల కోసం కోసిన ప్రతి.

సినిమాల్లో హక్కులు లేకపోవడమూ ఒక సమస్యే. 'షరాడ్' (1963) తెర మీద కాపీరైట్ ప్రకటన సరిగా వేయకపోవడంతో అమెరికాలో విడుదలైన వెంటనే ఎవరైనా వేసుకోగల సినిమా అయిపోయింది. దాంతో అరిగిన ప్రింట్ల నుంచి వేసిన చౌక డిస్కులు లెక్కలేనన్ని. పాత సినిమాలను శ్రద్ధగా డిస్కులుగా వేసే క్రైటీరియన్ సంస్థ ముద్రణ పక్కన వాటిని పెడితే వేరే సినిమా చూస్తున్నట్టుంటుంది. మూకీ హాస్యానికి వస్తే మంచి కబుర్లూ ఉన్నాయి. లారెల్ హార్డీల 'ది బ్యాటిల్ ఆఫ్ ది సెంచరీ' (1927)లోని 'పై' (ఒక రకం కేకు లాంటి తినుబండారం) విసురుకునే పోరు చాలాకాలం ముక్కగానే మిగిలింది. 2015లో రెండో రీలు 16 ఎంఎం ప్రింటు బయటపడి, 2020 బ్లూరే సెట్‌లో చేరింది.

తెలుగు డిస్కుల మాట

మన ఇళ్లలో ఎక్కువకాలం ఏలింది వీసీడీ. 352×288 చుక్కలు, అంటే డీవీడీలో నాలుగో వంతు. ఒక్కో డిస్కు మీద 74 నుంచి 80 నిమిషాలు. రెండు డిస్కుల్లో పట్టని సినిమాకు మూడోది వేయాలి, లేదా ఏదో ఒక పాట ఎగరగొట్టాలి. 1974లో 'అల్లూరి సీతారామరాజు'తో తెలుగులో సినిమాస్కోప్ (వెడల్పు తెర పద్ధతి) మొదలైంది. ఆ తర్వాత స్కోప్‌లో తీసిన సినిమాను 4:3 తెరకు నింపితే వెడల్పులో 43 శాతం పోతుంది. హాస్య సన్నివేశానికి ఇది ప్రాణాంతకం. ఒక చివర మాట విసిరేవాడు కనిపిస్తాడు, మరో చివర దానికి ముఖం మాడ్చుకునేవాడు కనిపించడు. కోయకుండా పట్టీలతో వేస్తే వీసీడీలో బొమ్మకు మిగిలేది 163 గీతలే. స్కోప్ రాకముందు నాటి నలుపు తెలుపు హాస్య చిత్రాలకు ఆకారం 4:3కి దగ్గరే కాబట్టి ఈ నష్టం లేదు.

2007లో మోజర్ బేర్ సంస్థ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టింది. పైరసీ మీద అది గట్టి దెబ్బే. ఒకే డీవీడీలో మూడు సినిమాలు ఇరికించే పద్ధతి మాత్రం బొమ్మను దెబ్బతీసింది. రెండు పొరల డిస్కులో 8.5 జీబీ పడుతుంది. రెండున్నర గంటల సినిమా ఒక్కటే వేస్తే సెకనుకు సుమారు 7.5 మెగాబిట్లు దక్కుతాయి, మూడు వేస్తే రెండున్నరే. జనం గుమిగూడిన చోట, వానలో, పూలు చల్లే చోట బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోతుంది. మన డీవీడీల్లో ఒక మంచి గుణం ఉంది. చాలావరకు రీజియన్ అడ్డు లేని ఎన్‌టీఎస్‌సీ డిస్కులు కాబట్టి సినిమా అసలు వేగంతోనే నడుస్తుంది. అమెరికాలోని తెలుగువాళ్లు కొన్నవి, ఇక్కడ కొన్నవి రెండూ ఎక్కడైనా ఆడతాయి. పాల్ టేపు నుంచి మార్చి వేసినవాటిలో మాత్రం పైన చెప్పిన నీడలు తప్పవు.

'మాయాబజార్' (1957)ను 2010లో రంగులద్ది థియేటర్లకు తెచ్చారు. కొత్త తరానికి చేరడం సంతోషమే. అయినా ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ వెలుగునీడలతో కూర్చింది నలుపు తెలుపు బొమ్మను. రంగుల ప్రతి చేతికొచ్చిందని నలుపు తెలుపు డిస్కును వదులుకోకూడదు. టెలివిజన్‌కు వస్తే, 2001లో జెమినీ టీవీలో గుణ్ణం గంగరాజు మొదలుపెట్టిన 'అమృతం' లాంటి ధారావాహికల కాలానికి ప్రమాణం 576 గీతలు, 50 ఫీల్డులే. ఆ కాలపు టేపుల నుంచి ఇప్పుడు ఎవరు ఏ కార్యక్రమాన్ని డిజిటల్ చేసినా 50 ఫీల్డులనూ సెకనుకు 50 ఫ్రేములుగా భద్రపరచాలి. 25కు కుదించి ఎక్కించి, ఆ తర్వాత టేపు పారేస్తే పోయిన సగం మళ్లీ రాదు. ఏఐతో పెంచిన ప్రతులను మూలంగా దాచుకోవడమూ ప్రమాదమే. దూరంగా ఉన్న ముఖాలను, బోర్డుల మీది అక్షరాలను అది తనకు తోచినట్టు గీస్తుంది.

దాచుకున్న డిస్కు బతికి ఉందా

డీవీడీ అంటే 0.6 మిల్లీమీటర్ల మందం ఉన్న రెండు పలకలను జిగురుతో అతికించినది. ఆ జిగురు, లోపలి లోహపు పొర చెడితే గీత ఒక్కటీ లేని డిస్కు కూడా ఆడదు. 2006–2008 మధ్య హాలీవుడ్ సంస్థ వార్నర్ కోసం ముద్రించిన కొన్ని డీవీడీలు ఇలాగే పాడవుతున్నాయని ఆ సంస్థ 2025లో ఒప్పుకుంది. అందులో పాత క్లాసిక్‌లూ ఉన్నాయి.

రెండు పొరల సినిమా డిస్కులో లేజర్ లోపలి అంచు నుంచి బయటికి చదువుతూ వెళ్లి, బయటి అంచు దగ్గర పొర మారి తిరిగి లోపలికి వస్తుంది. పాడవడం ఎక్కువగా బయటి అంచున మొదలవుతుంది కాబట్టి బొమ్మ ఆగిపోయేది సినిమా చివర్లో కాదు, దాదాపు మధ్యలో. పాత డిస్కు కొనేటప్పుడు మొదటి ఐదు నిమిషాలు ఆడించి చూస్తే ఏమీ తెలియదు. సగం దగ్గరికి, అంటే 140 నిమిషాల సినిమాలో 60 నుంచి 80వ నిమిషం మధ్యకు దూకి చూడాలి. ఇంటికి తెచ్చాక కంప్యూటర్‌లో మొదటి నుంచి చివరిదాకా ఒకసారి పూర్తిగా చదివించాలి. చదివే వేగం ఒకచోట హఠాత్తుగా పడిపోతే చెడిపోవడం మొదలైనట్టే, మార్పిడికి గడువు ఉండగానే తిరిగి ఇవ్వాలి. బాగున్నవాటిని మెత్తని ప్లాస్టిక్ సంచుల్లో కాక గట్టి పెట్టెల్లో నిలువుగా, ఎండ తగలని చల్లని చోట ఉంచాలి. పైన స్టిక్కర్లు అతికించకూడదు. తుడవాల్సి వస్తే మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవాలి. గుండ్రంగా తుడిస్తే పడే గీత ట్రాక్ వెంటే పడుతుంది, దాన్ని ప్లేయర్ సరిదిద్దుకోలేదు.